ఆటల ముచ్చట్లు: కడబంతివారు

వడ్డించేవాడు మనవాడయితే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్నారు మన పెద్దలు. మరి వడ్డించేవాడు మనవాడు కాకపోతే ఏమిటి గతి? బూరెలూ పులిహోరా మొదటి బంతిలోనే చెల్లిపోతాయి. కడబంతివారికి చారూ మజ్జిగా మిగులుతాయి. ఈ నెల మన ముచ్చట అటువంటి కడబంతిని గురించే. అయితే ఇది పెళ్లివారి బంతి కాదు. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆటలో బంతి.

ఇంత దూరపు ఆట ఈ శీర్షికలోకి ఎందుకు దిగిందని కొందరు పాఠకులు ముక్కుమీద వేలు వేసుకోవచ్చు. కారణం వుంది. ఒకే ఇంటినుంచి, ఒకే కవరులో, రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి మామగారిది, రెండవది అల్లుడిగారిది. మామగారు ఖుర్దారోడ్డు కాపురస్థులు. రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయినవారు. అల్లుడిగారికి ఫిలడెల్ఫియా దగ్గర ఉద్యోగం. అక్కడివాళ్లకి ఈగిల్స్ అనే జట్టంటే ప్రాణం. ఆ ప్రాణం అల్లుడిగారికి కూడా పట్టింది. సెలవుకి వచ్చినప్పుడల్లా మామగారిని కూర్చోబెట్టి ఆ ఆట చూపించి, నేర్పించి, చివరికి ఆయనతోనే తగవు పెట్టుకున్నారు. గురువును మించిన శిష్యుడయితే ఇంతే మరి!

తగవు ఇది. ఏటేటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు మొదటి వరసల్లో మంచివాళ్లంతా పోతారు. చివరి వరసల్లో మిగిలే ఒకటి రెండు అవకాశాలను జట్టువారు ఎవరిమీద ఖర్చుపెట్టాలి? ముందు నిలబడి గోడ కట్టే బరువైన మనుషులమీదనా? లేక పరుగెత్తేవాళ్లమీదా, బంతి విసిరేవాళ్లమీదానా? మామగారు గోడ పక్షం. అల్లుడిగారు పరుగు పక్షం. "మీరు తీర్పు చెబితే ఇద్దరమూ వింటాం" అని రాశారు. వింటారో వినరో దేవుడికి తెలియాలి. చెప్పటం మన వంతు.

ఆట తెలియని పాఠకులకోసం ముందు నాలుగు మాటలు. పేరుకు ఫుట్‌బాల్ గాని, ఇందులో కాలితో పని తక్కువ. పక్షానికి పదకొండుమంది. బంతి చేతిలో వున్న పక్షానికి నాలుగు ప్రయత్నాలిస్తారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు; జరగకపోతే బంతి ఎదుటివారి పాలు. ఈ జరగటమంతా క్వార్టర్‌బ్యాక్ అనే నాయకుడి చేతిలో వుంటుంది. అతను బంతి పుచ్చుకుని, రెండు మూడు సెకన్లు వెనక నిలబడి, ఎవరికి విసరాలో చూసుకుంటాడు. ఆ రెండు మూడు సెకన్లలోనే ఎదుటివాళ్లు మీదపడి అతన్ని పడగొట్టాలని చూస్తారు.

అతనికీ వాళ్లకీ మధ్య అయిదుగురు వుంటారు. నడుమ సెంటర్; బంతిని కాళ్లసందునుంచి వెనక్కి అందించేవాడు ఇతనే. అతనికి చెరోపక్కా గార్డులు ఇద్దరు. వారికి అవతల టాకిల్స్ ఇద్దరు. మామూలుగా ఒక్కొక్కరు 135 కిలోలకు పైమాటే. వీళ్ల పని ఎదుటివాడిని ఆపటం, అంతే. ముందుకు విసిరిన బంతిని పట్టుకునే హక్కు నియమం ప్రకారం మామూలుగా వీరికి లేదు. పాయింట్లు వీళ్ల పేరున పడవు. పత్రికలో వీళ్ల పేరు కనిపించిందంటే బహుశా ఎక్కడో పొరపాటు చేసి వుంటారు. వీళ్లలో ఎడమ టాకిల్ పని మరీ కష్టం. కుడిచేత్తో విసిరేవాడి వీపు ఎడమపక్కకు తిరిగి వుంటుంది గనక, చూపు ఆనని ఆ వైపును కాచేది ఇతనే.

మామగారికి ఈ ఆటలో మొదట నచ్చింది "గార్డు" అన్న మాటే. "బండి సవ్యంగా నడిచినన్నాళ్లూ గార్డు ఒకడున్నాడని ఎవరికీ పట్టదండీ. నేను ముప్ఫయ్యేళ్లు వెనక పెట్టెలో కూర్చున్నవాణ్ణి. వీళ్లని చూస్తే నా వాళ్లే అనిపించింది" అని రాశారు. ఇదీ ఆయన పక్షపాతానికి మూలం.

ఇక ఎంపిక సంగతి. మన ఐపిఎల్ వేలంలో డబ్బున్నవాడు పాట పెంచి మనిషిని పట్టుకుపోతాడు. అమెరికావారి పద్ధతి వేరు. అక్కడ పాట లేదు, వంతులున్నాయి. ఏప్రిల్ నెలలో 32 జట్లవారూ చేరి, కాలేజీలనుంచి బయటికి వచ్చే కుర్రవాళ్లను వంతులవారీగా కోరుకుంటారు. నిరుడు అందరికంటె హీనంగా ఆడినవారిది మొదటి వంతు. గెలిచినవారిది చివరి వంతు. వంతును ఇంకొకరితో మారకం వేసుకోవచ్చు. ఇలా ఏడు వరసలు తిరుగుతాయి. మొత్తంమీద 250 మందికి పైగా పిలుపు వస్తుంది.

ఈ ఏర్పాటు మొదలయింది 1936 ఫిబ్రవరిలో, ఫిలడెల్ఫియాలోనే. అప్పటికి వున్నవి తొమ్మిది జట్లు. ఆలోచన ఈగిల్స్ యజమాని బెర్ట్ బెల్‌ది. డబ్బున్న జట్లు మంచివాళ్లనందరినీ ఎగరేసుకుపోతూంటే ఆయన జట్టు అట్టడుగున పడివుండేది. బలహీనుడికి ముందు వడ్డిస్తేనే అందరూ నిలుస్తారని ఆయన వాదం. తక్కినవారు ఒప్పుకున్నారు. తీరా మొట్టమొదటి వంతులో ఆయన ఏరికోరి పిలిచిన జే బెర్వాంగర్ అనే కుర్రవాడు ఈ పోటీల్లో ఒక్క ఆట కూడా ఆడలేదు. జీతం బేరం కుదరలేదు. మొదటి బంతిలో మొదటి విస్తరి వేయించుకున్నవాడు ముద్ద ముట్టకుండానే లేచిపోయాడన్నమాట. ముందు పిలిచినంతమాత్రాన పని జరగదనే నీతి ఈ పద్ధతితోపాటే పుట్టింది.

అల్లుడిగారి వాదం ముందు విందాం. "నాలుగో వరస దాటాక వచ్చినవాళ్లలో చాలామంది రెండు మూడేళ్లలో కనబడకుండా పోతారండీ. ఆగస్టులో తొంభైమందితో మొదలుపెట్టి, నెలాఖరుకు 53 మందిని వుంచుకుని తక్కినవాళ్లను పంపేస్తారు. చివరి వరసవాడు లాటరీ టిక్కెట్టులాంటివాడు. కొనేదే లాటరీ టిక్కెట్టయినప్పుడు పెద్ద బహుమతి వున్నదే కొనాలి గాని, తగిలినా పదిరూపాయలు వచ్చేది ఎందుకు? 2000లో టామ్ బ్రేడీ 199వ పిలుపుకు వచ్చాడు. ఏడుసార్లు ఛాంపియన్ అయ్యాడు. 2022లో బ్రాక్ పర్డీది 262వ పిలుపు, అంటే అన్నిటికన్నా చివరిది. రెండేళ్లు తిరక్కుండానే తన జట్టును సూపర్‌బౌల్‌కు తీసుకువెళ్లాడు. అలాంటివాడు ఒక్కడు తగిలితే ఇల్లు నిలబడుతుంది. గోడ కట్టేవాళ్లను మొదటి వరసల్లో కొనుక్కోవాలి."

మామగారు దీనికి ఇలా జవాబు రాశారు. "అల్లుడుగారు చదువుకున్నవారు, లెక్క బాగానే చెప్పారు. కాని షెడ్డులో ఒక్క ఇంజనే వుంచుకుని లైను నడుపుతామంటే ఏ అధికారీ ఒప్పుకోడు. ఏడాదికి పదిహేడు ఆటలు. అంత బరువు మనుషులు ప్రతి ఎత్తులోనూ ఢీకొంటారు. మోకాలు పోతుంది, మడమ పోతుంది, నడుము పోతుంది. అయిదుగురూ ఏడాదిపొడుగునా నిలబడతారనుకోవటం పిచ్చి. ఆరోవాడు, ఏడోవాడు, ఎనిమిదోవాడు ఎవరో ఆగస్టులోనే చెప్పలేని జట్టుకు జనవరిలో పనిలేదు."

మామగారి వాదానికి బలమైన సాక్ష్యం ఆట నియమాల్లోనే వుంది. 53 మందిలోనూ ఆటరోజున అందరినీ దింపనివ్వరు. 2020నుంచి వచ్చిన నియమం ఏమిటంటే, ముందువరసవారు ఎనిమిదిమందికి తక్కువ కాకుండా వుంటే 48 మందిని సిద్ధంగా వుంచుకోవచ్చు. లేకపోతే 47 మందినే. అంటే ముందువరసకు మారుమనుషుల్ని వుంచుకున్న జట్టుకు ఒక మనిషిని అదనంగా ఇస్తున్నారు. ఇంకొక చిక్కు కూడా వుంది. 1994నుంచి జీతాల మొత్తానికి పరిమితి పెట్టారు. ఎంత ధనవంతుడయినా ఆ గీత దాటి ఖర్చుపెట్టటానికి వీల్లేదు. మొదటి అయిదుగురికే మంచి జీతాలిస్తే, బెంచీమీద కూర్చునేవాళ్లకు ఇచ్చేందుకు మిగలదు. అక్కడ కడబంతివాడు పనికివస్తాడు. అతని ఒప్పందం నాలుగేళ్లది, జీతం తక్కువ.

వాదాలకు అంతులేదు. మూడు ఆటలు చూద్దాం. మూడూ సూపర్‌బౌల్ ఆటలే. అంటే సంవత్సరమంతా ఆడాక ఛాంపియన్ ఎవరో తేల్చే చివరి పోటీలు.

మొదటిది 2018 ఫిబ్రవరి 4న మినియాపొలిస్‌లో జరిగింది. ఒకవైపు ఈగిల్స్, రెండోవైపు టామ్ బ్రేడీ నాయకత్వాన న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్. ఈగిల్స్‌కు ఆ ఏడు గండాల ఏడు. అక్టోబరులో వాళ్ల ఎడమ టాకిల్ జేసన్ పీటర్స్ మోకాలు దెబ్బతిని పడిపోయాడు. ఈ పీటర్స్‌ది మరో కథ. 2004లో ఏడు వరసలూ పూర్తయినా ఎవ్వరూ పిలవని మనిషి. కడబంతి కూడా లేచిపోయాక పెరటి గుమ్మంలోంచి వచ్చి, ఆ ఆటలో మేటి టాకిల్స్‌లో ఒకడయ్యాడు. అతను పడిపోయాక డిసెంబరులో క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ మోకాలు కూడా పోయింది. 2016లో రెండో పిలుపుకే కొనితెచ్చుకున్నవాడు. ఇక ఈగిల్స్ పని అయిపోయిందనే అందరూ అన్నారు.

పీటర్స్ చోట నిలబడింది వైటాయి అనే కుర్రవాడు. 2016లో అయిదో వరసలో, 164వ పిలుపుకు వచ్చినవాడు. వెంట్జ్ చోట నిక్ ఫోల్స్. నడుమ సెంటర్ జేసన్ కెల్సీ. 2011లో ఆరో వరసలో 191వ పిలుపు. ఈ గోడ వెనక నిలబడి ఫోల్స్ 373 గజాలు విసిరాడు. ఆటమొత్తంమీద బంతి చేతిలో వుండగా ఒక్కసారి కూడా అతన్ని పడగొట్టలేకపోయారు. అవతల బ్రేడీ 505 గజాలు విసిరాడు. అయినా ఆట చివరి మూడు నిమిషాల్లో బ్రాండన్ గ్రాహం అనే ఈగిల్స్ ఆటగాడు గోడ సందులోంచి దూరి బ్రేడీ చేతిలోని బంతిని కొట్టేశాడు. రెండు పక్షాలకూ కలిపి నాయకుణ్ణి పడగొట్టటం ఆ రోజు జరిగింది ఆ ఒక్కసారే. 41-33తో ఈగిల్స్ మొట్టమొదటిసారి సూపర్‌బౌల్ గెలిచారు.

రెండవ ఆట 2021 ఫిబ్రవరి 7న టాంపాలో. కాన్సాస్ సిటీ చీఫ్స్ నాయకుడు పాట్రిక్ మహోమ్స్. అంతకుముందు ఏడే పదేళ్లకు 45 కోట్ల డాలర్ల ఒప్పందం రాయించుకున్న మొనగాడు. కాని అతని ముందు గోడ లేదు. కుడి టాకిల్ మిచెల్ ష్వార్జ్ నడుము నొప్పితో అక్టోబరులోనే ఆగిపోయాడు. ఎడమ టాకిల్ ఎరిక్ ఫిషర్ సరిగ్గా అంతకుముందు ఆటలో మడమ నరం తెగి పడ్డాడు. ఈ ఫిషర్ 2013లో మొట్టమొదటి పిలుపువాడు. కుడి గార్డు లోరాన్ డ్యువర్నే టార్డిఫ్ ఆ ఏడాది మొత్తం ఆడనేలేదు. అతను ఎందుకు ఆడలేదో మన ఆడవాళ్లు కూడా వినదగ్గ సంగతి. ఆట ఆడుతూనే మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య పూర్తిచేసిన మనిషి. 2014లో ఆరో వరసలో 200వ పిలుపుకు వచ్చాడు. కోవిడ్ వచ్చినప్పుడు ఆట మానుకుని, జీతం వదులుకుని, తన ప్రాంతంలోని వృద్ధుల ఆశ్రమంలో రోగులకు సేవచేయటానికి వెళ్లిపోయాడు.

మిగిలినవాళ్లను చీఫ్స్‌వారు అటూఇటూ మార్చి నిలబెట్టారు. కుడివైపు అలవాటయినవాణ్ణి ఎడమకు, గార్డును టాకిల్‌కు. అంత మొనగాడు మహోమ్స్ ఆ రాత్రంతా బంతి పట్టుకుని పారిపోవటంతోనే సరిపోయింది. ఒక్క టచ్‌డౌన్ లేదు. 31-9తో ఓడిపోయారు. గెలిచిన టాంపా నాయకుడు ఎవరనుకున్నారు? 43 ఏళ్ల టామ్ బ్రేడీ!

మూడవ ఆటకు ముందు, చీఫ్స్‌వారు ఏంచేశారో చూడాలి. ఆ ఓటమి తరవాత మళ్లీ ఆటలు మొదలయ్యేసరికి ముందువరసలో అయిదుగురూ కొత్తవారే. ఒకణ్ణి మారకంలో తెచ్చుకున్నారు, ఒకణ్ణి డబ్బుపోసి కొన్నారు. సెంటర్ క్రీడ్ హంఫ్రీ రెండో వరసలో వచ్చాడు. కుడి గార్డు ట్రే స్మిత్ మాత్రం ఆరో వరసలో 226వ పిలుపు. ఇతను కడబంతివాడు కావలసినవాడు కాదు. కాలేజీలో చేరేనాటికే దేశమంతటా పేరు మోగింది. 2018లో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు కట్టాయి. ఆట మానేయవలసి వస్తుందని అందరూ భయపడ్డారు. వైద్యం చేయించుకుని మళ్లీ ఆడాడు. అయినా ఎంపికరోజున జట్లన్నీ జంకాయి. 225 పేర్లు పిలిచారు గాని అతని పేరు పిలవలేదు. చీఫ్స్‌వారు పిలిచారు. మొదటి ఏడాదే పదిహేడు ఆటలూ తనే మొదలుపెట్టాడు. 2025లో నాలుగేళ్లకు 9 కోట్ల 40 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు.

ఈ గోడతోనే 2023 ఫిబ్రవరిలో చీఫ్స్ అరిజోనాలో ఈగిల్స్‌ను 38-35తో ఓడించారు. ఈగిల్స్ ఆ ఏటి మామూలు ఆటల్లో ఎదుటి నాయకుల్ని 70 సార్లు పడగొట్టిన జట్టు. ఆ రోజు మహోమ్స్‌ను ఒక్కసారి కూడా పడగొట్టలేకపోయారు. ఆ ఆటలో అన్నదమ్ములు చెరోపక్క నిలబడ్డారు. ఈగిల్స్ సెంటర్ జేసన్ కెల్సీ అన్న. చీఫ్స్‌లో బంతి అందుకునే ట్రావిస్ కెల్సీ తమ్ముడు. వాళ్ల అమ్మగారు సగం ఒక జట్టుది, సగం ఇంకొక జట్టుది కలిపి కుట్టించిన అంగీ తొడుక్కుని వచ్చారు. కన్నతల్లికి ఇంతకంటె న్యాయమైన దారి ఏముంది?

ఇక మూడవది 2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లియన్స్‌లో. మళ్లీ అవే రెండు జట్లు. చీఫ్స్‌కు ఎడమ టాకిల్ చోట నిలిచేవాడు ఆ ఏడాది కుదరలేదు. చేసేదిలేక, ఎంతో మంచి గార్డు అయిన జో థూనీని పక్కకు జరిపి టాకిల్ చోట నిలబెట్టారు. అంటే గార్డు చోటూ పలచబడింది, టాకిల్ చోటూ నిండలేదు. ఆ రాత్రి మహోమ్స్‌ను ఆరుసార్లు పడగొట్టారు. సగం ఆట అయ్యేసరికి 24-0, చివరికి 40-22. నాలుగేళ్ల కిందట కట్టిన గోడకు అదేచోట చిల్లి పడింది. రెండు నెలల తరవాత చీఫ్స్‌వారు మొదటి వరసలోనే జోష్ సిమన్స్ అనే టాకిల్‌ను పిలుచుకున్నారు. ఇల్లు కాలాక బావి తవ్వారన్నమాట.

ఆ రాత్రి ఈగిల్స్ ఎడమ టాకిల్ ఎవరు? జోర్డన్ మైలాటా. ఈ మనిషి కథ లేకుండా ఈ ముచ్చట పూర్తికాదు. ఇతని తలిదండ్రులు సమోవా దీవులవారు. ఇతను పుట్టి పెరిగింది ఆస్ట్రేలియాలోని సిడ్నీలో. ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి, 150 కిలోలు దాటిన బరువు. రగ్బీ ఆడేవాడు. అమెరికా ఫుట్‌బాల్ ఒక్క పోటీ కూడా ఆడి ఎరగడు. 2018లో ఈగిల్స్‌వారు ఏడో వరసలో 233వ పిలుపుకు ఇతన్ని తీసుకున్నారు. అందరూ నవ్వారు. 2018లో ఒక్క ఆట ఆడలేదు. 2019లో ఒక్క ఆట ఆడలేదు. నడుము నొప్పి ఒకటి. ఈలోగా 2019లో ఈగిల్స్ మొదటి వరసలో 22వ పిలుపుకు ఆండ్రీ డిల్లర్డ్ అనే టాకిల్‌ను కూడా తెచ్చారు. 2021లో ఇద్దరినీ పోటీకి నిలబెట్టారు. మొదటి బంతివాడు ఓడాడు, కడబంతివాడు నెగ్గాడు.

ఇంతవరకూ చదివి మామగారు మీసం మెలివేస్తూ వుంటారు. ఆగండి మామగారూ. మనం చెప్పుకున్నది పైకి వచ్చినవాళ్ల కథలు. పైకి రానివాళ్ల కథ ఎవరూ రాయరు. ఏటా ఆగస్టు నెలాఖరున ఇంటికి పంపించే బరువు మనుషులు ఎందరో వున్నారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసు. కాలేజీలో ఆటకోసమే ఒళ్లు పెంచినవాళ్లు. ఇంకోచోట పిలుపు వస్తే సరే, లేకపోతే మరో బతుకు వెతుక్కోవలసిందే. కెల్సీ ఒకడు గెలిచాడని 191వ పిలుపు మంచి ముహూర్తమని లెక్కకట్టగూడదు. పైగా ఈగిల్స్ గోడ అంతా కడబంతితో కట్టింది కాదు. దాని కుడి టాకిల్ లేన్ జాన్సన్ 2013లో నాలుగో పిలుపువాడు. 2018లోనూ 2025లోనూ నిలబడ్డాడు. ఇంటికి మూలస్తంభం కొనాలంటే సొమ్ము పెట్టాలన్న అల్లుడిగారి మాట కాదనలేనిది.

అలాగని అల్లుడిగారు కూడా పొంగిపోనక్కరలేదు. వారి సాక్షుల్నే మళ్లీ పిలుద్దాం. బ్రేడీ వచ్చిన ఏడాది బెంచీమీదనే కూర్చున్నాడు. 2001లో మొదటి నాయకుడు డ్రూ బ్లెడ్సో దెబ్బతింటే అతనికి చోటు దొరికింది. పర్డీ అయినా అంతే. తనకు పైన వున్న ఇద్దరూ దెబ్బలు తగిలి పడ్డాకనే ముందుకు వచ్చాడు. అంటే వీళ్లు లాటరీ టిక్కెట్లు కారు, మారుమనుషులు. ఒకడు పడిపోయేరోజుకు ఇంకొకడు సిద్ధంగా వుండటంవల్ల ఆ రెండు జట్లూ బాగుపడ్డాయి. అల్లుడిగారు పిలిచిన సాక్షులు మామగారి పక్షాన సాక్ష్యం చెబుతున్నారు!

అసలు కీలకం ఎవరిని పిలిచారన్నదానిలో సగమే వుంది. పిలిచాక ఏంచేశారన్నది తక్కిన సగం. మినియాపొలిస్‌లో అంత గట్టిగా నిలబడిన వైటాయినే తీసుకోండి. 2016లో, వచ్చిన కొత్తలో, లేన్ జాన్సన్‌ను పది ఆటలకు నిషేధించినప్పుడు ఇతన్ని దింపారు. మొదటి ఆటలోనే వాషింగ్టన్‌వారు ఇతన్ని దాటుకుని వచ్చి నాయకుణ్ణి చావగొట్టారు. ఇంకొక జట్టయితే అక్కడితో పంపేసేది. ఈగిల్స్‌వారు పంపలేదు. దెబ్బలు తింటూ నేర్చుకోనిచ్చారు. 2018 ఫిబ్రవరిలో ఆ చదువు అక్కరకు వచ్చింది. మైలాటాకు రెండేళ్లు కూర్చోబెట్టి కాళ్లు ఎక్కడ పెట్టాలో, చేతులు ఎప్పుడు చాపాలో ఓనమాలనుంచి నేర్పారు. 2013లో ఆ జట్టులో చేరిన జెఫ్ స్టౌట్‌లాండ్ అనే శిక్షకుడు ముందువరసకు పెట్టింది పేరు. ఆటగాళ్లు అతన్ని గురువుగానే చూశారు.

ముందువరసవాడికి ఈ చదువు ఎందుకు ఎక్కువ కావాలంటే, పరుగెత్తేవాడు ఒంటరిగా మెరిసిపోవచ్చు. గోడలో ఇటుక ఒంటరిగా ఏమీ చేయలేదు. ఎదుటివాళ్లు ఇద్దరు చోట్లు మార్చుకుని వస్తే, పక్కవాడికి ఎవణ్ణి వదలాలో, తను ఎవణ్ణి పట్టాలో మాట్లాడుకోకుండానే తెలియాలి. అది కొన్నేళ్ల సహవాసంతో వచ్చే విద్య. అందుకనే కుడివైపువాణ్ణి ఒక్క రాత్రిలో ఎడమకు మారిస్తే, చదువంతా అద్దంలో చూసినట్టు తలకిందులవుతుంది. మారుమనుషులంటే బెంచీమీద తలకాయల లెక్క కాదు. ఆ చోటుకు అలవాటుపడిన మనుషుల లెక్క.

కాబట్టి తీర్పు. చివరి వరసల్లో ఏటా ఒక పిలుపు ముందువరసవాడికి కేటాయించాలి. అవసరం వచ్చిన ఏడు కాదు, ఏ అవసరమూ లేని ఏడు కూడా. కొబ్బరిచెట్టు కాయ కావలసిననాడు నాటేది కాదు గదా. తక్కిన పిలుపులతో అల్లుడిగారు ఎన్ని టిక్కెట్లయినా కొనుక్కోవచ్చు. అయితే మామగారికి ఒక షరతు. పిలిచినవాణ్ణి రెండేళ్లు కూర్చోబెట్టి నేర్పే ఓపికా, నేర్పే గురువూ లేని జట్టు గోడకోసం కడబంతివాణ్ణి పిలవటం పాపం. ఆ కుర్రవాడి కాలమూ పోతుంది, జట్టు పిలుపూ పోతుంది. అటువంటి జట్టుకు అల్లుడిగారి లాటరీయే మేలు.

ఉగాదినాడు మన సంఘాల్లో భోజనాలు పెట్టినప్పుడు ఒక విషయం గమనించే వుంటారు. బళ్లారిలోనయినా, షోలాపూరులోనయినా, బరంపురంలోనయినా ఇదే తీరు. కడబంతిలో కూర్చునేవారు రెండు రకాలు. ఆలస్యంగా వచ్చినవారు ఒక రకం. పొద్దుటినుంచీ తక్కినవారందరికీ వడ్డించినవారు రెండో రకం. కెల్సీ, వైటాయి, మైలాటా, స్మిత్ రెండో రకంవారు.

ఈ ఆట ఎప్పుడయినా మీ ఇంట్లో పిల్లలు పెట్టి చూపిస్తే ఒక పని చేయండి. ఒక్క ఎత్తు వరకూ బంతిని చూడకండి. ఎడమ చివర నిలబడ్డ ఆ భారీ మనిషినే చూడండి. అతని ముందునుంచి ఒకడు రివ్వున వస్తాడు. ఇతను రెండడుగులు వెనక్కి వేసి, చేతులు చాపి, వాణ్ణి అక్కడే నిలబెడతాడు. అప్పటికి జనం కేరింతలు కొడుతూ వుంటారు, ఎవరో ఎక్కడో బంతి పట్టుకుని వుంటారు. ఇతను లేచి, పడ్డ తోటివాడికి చెయ్యిచ్చి లేపి, మళ్లీ తన చోటికి వెళ్లి వంగుంటాడు.

ఖుర్దారోడ్డువారి తగవు ఇంతటితో చాలించి, వచ్చే నెల మళ్లీ మన కబాడీ కూతకు వద్దాం. సెలవు.